ఒకటి తొమ్మిదైన రాత్రి తర్వాత

"ఎంత వేగం కావాలి?" అన్నాడు రెనాత్
బిష్కెక్‌లో, మూడో అంతస్తు కొట్లో.
అద్దపు పక్కటెముకల లోపల ఎరుపూ నీలమూ మినుకుమనే పెట్టె మీద
అరచెయ్యి ఆనించి,
పందెపు గుర్రం మెడ నిమిరినట్టు.

"ఇందులో ముందుగా చచ్చేది ఏది?" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు.

మా నరీన్ ఆసుపత్రిలో ఇలాంటిదే ఉండేది.
పాత డైరెక్టరు మేనల్లుడు ఆటలాడి వదిలేసింది.
రోగుల చీటీలూ మందుల జాబితా రక్తం సంచుల లెక్కా
అన్నీ దాని నెత్తినే.
పోయిన జనవరిలో ఒక రాత్రి
దాని మెమరీలో ఏ మూలో
సున్నాగా ఉండాల్సిన ఒక్క బిట్టు
ఒకటై కూర్చుంది.
అంతే.
పొగ రాలేదు, కీచుమనలేదు, దీపాలు ఎప్పటిలాగే మినుకుమన్నాయి.
బి పాజిటివ్ గడిలో
ఒకటి తొమ్మిదైంది.

తెరను నమ్మి డాక్టర్ కలీపా కత్తి పట్టింది.
ఫ్రిజ్ తలుపు తీసిన నర్సు
ఉన్న ఒకే ఒక్క సంచీని చూస్తూ అలాగే నిలబడిపోయింది.
అంబులెన్స్ డ్రైవర్ సాగిన్‌బాయ్ చొక్కా చెయ్యి మడిచాడు.
వంటమనిషి వచ్చింది, పిండి చేతులతోనే.
బాలింత బతికింది.
అందులో కంప్యూటరు పుణ్యమేమీ లేదు.

కాబట్టి, రెనాత్,
పరిగెత్తి పాలు తాగేది నాకొద్దు.
నిలబడి నీళ్లు తాగేది చూపించు.

తన తప్పు తానే పట్టుకునే మెమరీ కావాలి,
అరవై నాలుగు బిట్లు నిద్రపోతే
ఎనిమిది బిట్లు మేలుకుని కాపలా కాసేది.
డిస్కులు రెండు, కానీ కవలలు వద్దు.
ఒకే వారం పుట్టినవి ఒకే వారం పోవడం
నేను ఒకసారి చూశాను, చాలు.
కరెంటు తీసుకునే నోళ్లు కూడా రెండు:
ఒకటి ఊరి లైనుకి, ఒకటి బ్యాటరీకి.
మా ఊరి లైను సంగతి నీకు తెలీదు,
గాలి గట్టిగా వీస్తే అలుగుతుంది.
ఇక ఫ్యాను. అది చచ్చిపోయినా ఫర్వాలేదు,
మా బజార్లో బోల్టులమ్మే ముసలాయన దగ్గర
దాని కొలతకి ఇంకోటి దొరకాలి.

రెనాత్ చెయ్యి దీపాల పెట్టె మీంచి జారింది.
లోపలి గదిలోంచి ఒకదాన్ని ఈడ్చుకొచ్చాడు.
బూడిదరంగు, ఒక మూల సొట్ట,
ఏదో బ్యాంకు స్టిక్కరు పీకిన జిగురు మరక.
"నాలుగేళ్లు పనిచేసింది. గోల ఎక్కువ," అన్నాడు
కూతురి నలుపు గురించి చెప్పే తండ్రిలా కాదు,
మంచి వడ్రంగి నోటి దురుసు గురించి చెప్పినట్టు.

రాత్రంతా మెమరీకి పరీక్ష పెట్టమన్నాను.
పొద్దున వచ్చి చూస్తే
తప్పులు: సున్నా.
నేను డబ్బు కట్టింది ఆ సున్నాకి.

దొలోన్ కనుమ మీద మంచు.
వ్యాను వెనక పిండి బస్తాల మధ్య ఇరికించాను.
"ఏముంది అందులో?" అంది పక్క సీటు పెద్దావిడ.
"ఇంకా ఏమీ లేదు."
"మరంత గట్టిగా పట్టుకున్నావేం?"

నరీన్‌లో దిగేసరికి మైనస్ ఇరవై ఎనిమిది.
కొత్త డైరెక్టరు గుమ్మంలోనే ఉన్నాడు,
"పెట్టు, పెట్టు ప్లగ్గు!"

పెట్టలేదు. పెట్టె విప్పనుకూడా లేదు.
అంత చలిలోంచి వెచ్చని గదిలోకి వచ్చిన ఇనుముకి
చెమట పడుతుంది, కళ్లజోడుకి పట్టినట్టే.
ఆ తడి మీద కరెంటు పారితే
ఇన్ని బేరాలూ బూడిద.
"రేపు," అన్నాను.
"రేపా!" అన్నాడు.

పెట్టె మీద ఉన్ని కంబళి కప్పి
కాగితం పుస్తకం తీసుకుని ఫ్రిజ్ దగ్గరకి వెళ్లాను.
తలుపు తీసి, ఒక్కో సంచీనీ వేలితో తాకి
రాశాను: బి పాజిటివ్, నాలుగు.

తలుపు మూశాను.
మళ్లీ తీసి లెక్కపెట్టాను.

నాలుగు.